ఓట్ల వేళ ఒంటిరంగు గొడవ

ఆర్మూరు: పసుపు కొమ్ము రంగు చూసి ధర కట్టడం ఈ ప్రాంత రైతాంగానికి తెలిసిన సంగతే. 2024 మే నెలలో లోక్‌సభ పోలింగుకు ఐదు రోజుల ముందు మాత్రం మనుషుల ఒంటిరంగే ఎన్నికల సభలకు ఎక్కింది.

ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్షుడు శాం పిట్రోడా ఒక ఆంగ్ల పత్రికతో మాట్లాడుతూ మన దేశంలో తూర్పువారు చైనీయుల్లా, పడమటివారు అరబ్బుల్లా, ఉత్తరాదివారు తెల్లవారిలా, దక్షిణాదివారు ఆఫ్రికన్లలా కనిపిస్తారన్నారు. అయినా అందరం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళమేనని కూడా అన్నారు. ఆ రెండో మాట ఎవరికి పట్టింది? మే 8న వరంగల్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ, చర్మం రంగును బట్టి ప్రజలను అవమానిస్తే సహించేది లేదంటూ విరుచుకుపడ్డారు. ఆ పోలికలతో తమకు సంబంధం లేదని కాంగ్రెస్ ప్రకటించింది. అదేరోజు పిట్రోడా రాజీనామా చేశారు.

ముఖం చూసి మనుషులను దేశాలవారీగా పంచడం తప్పే. ఆ తప్పు ఒక్క పార్టీదే కాదు. 2017లో ఢిల్లీ పొరుగున నోయిడా ప్రాంతంలో ఆఫ్రికా విద్యార్థులపై దాడులు జరిగాయి. మనకు వర్ణ ద్వేషమే ఉంటే దక్షిణాదివారితో ఎలా కలిసి బతుకుతామని భాజపా మాజీ ఎంపీ తరుణ్ విజయ్ అప్పట్లో అని, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు.

అయితే, ఆఫ్రికా వారిలా ఉన్నామంటే మనకు అంత రోషం ఎందుకు రావాలి? తెల్లవారిలా ఉన్నారన్నందుకు ఉత్తరాదిన ఎందరు నొచ్చుకున్నారు? ఈ పల్లెల నుంచి గల్ఫుకు పోయి, పది దేశాల కూలీలతో ఒకే గదిలో వండుకు తిన్నవారు దీనికి జవాబు చెప్పగలరు. పిల్ల చామనఛాయ అనగానే కట్నం లెక్క పెరిగే ఇళ్ళు మన ఊళ్ళలో లేవా? పెండ్లిపిల్ల ఛాయ తేలాలని ఒంటికి రాసేదీ మన చేల పసుపే.

నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 2019లో పసుపు బోర్డు, మద్దతు ధరల కోసం 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. బోర్డును 2023 అక్టోబరు 1న ప్రకటించినా, అది నిజామాబాద్‌లో ప్రారంభమైంది 2025 జనవరి 14న. నడుమ వచ్చిన 2024 పోలింగు వారంలో పసుపు మాటకు దక్కవలసిన సమయాన్ని కొంత ఈ రంగు మాట మింగేసింది.

మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు ముగిశాయి. జూన్ 26న పిట్రోడాను కాంగ్రెస్ తిరిగి అదే పదవిలో నియమించింది.