ముగింపు ఉన్న ఆట

సాయంత్రం లింగంపల్లి నుండి బయలుదేరే ఎం.ఎం.టి.ఎస్. రైలులో, చందానగర్, హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీ చేరేలోగా ఎంతమంది తలలు ఫోన్లపై వంగి ఉన్నాయో లెక్కించనక్కరలేదు. వంగని తలలను లెక్కిస్తే చాలు, పని త్వరగా ముగుస్తుంది. వారిలో ఉద్యోగులు ఉంటారు, కళాశాల విద్యార్థులు ఉంటారు, తండ్రి ఫోను చేతికి దొరికిన చిన్నపిల్లలూ ఉంటారు.

మన ఇళ్లలో ఈ దృశ్యానికి మరో రూపం ఉంది. మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. తల్లి పిలుస్తుంది. "ఒక్క నిమిషం, అమ్మీ" అంటాడు అబ్బాయి. ఆ నిమిషం ముగియదు. నేరమంతా పిల్లవాడి మొండితనానిదే అనుకోవడం పొరపాటు. ఈనాటి ఫోను ఆటల్లో అధిక భాగం ముగియకుండా ఉండేలాగే నిర్మింపబడుతున్నాయి. రోజూ వస్తే కానుక, ఒకరోజు తప్పితే నష్టం, ఒక మెట్టు ఎక్కగానే మరో మెట్టు, మధ్యలో చిన్న చిన్న కొనుగోళ్లు. డబ్బు పందెం గల ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టం చేసింది. పందెం లేకుండానే కాలాన్ని మింగివేసే ఆటల విషయం మాత్రం ఇంటి పెద్దల విచక్షణకే మిగిలి ఉంది.

ఆ విచక్షణ తరచుగా ఒకే తీర్పు ఇస్తుంది: "ఆటలన్నీ ఒకటే." ఈ తీర్పు సరైనది కాదని మా అభిప్రాయం. ఉదాహరణకు ఒక ఆటను తీసుకుందాం.

లండన్‌లోని 'అస్ టూ' సంస్థ 2014 ఏప్రిల్‌లో విడుదల చేసిన 'మాన్యుమెంట్ వ్యాలీ'లో శత్రువును చంపడం లేదు, గడియారంతో పందెం లేదు, ఓడిపోవడం లేదు. ఇడా అనే తెల్లని దుస్తుల చిన్నపిల్ల గుమ్మటాలు, కమానులు, మెట్లు గల నిర్జన భవనాల గుండా నడుస్తుంది. దారి తెగిపోయినచోట ఆడేవారు ఒక చక్రాన్ని తిప్పాలి, లేదా ఒక స్తంభాన్ని జరపాలి. భవనం మలుపు తిరుగుతుంది. వేర్వేరు ఎత్తుల్లో ఉన్న రెండు గట్లు ఒక కోణం నుండి చూసినప్పుడు కలిసిపోయినట్లు కనిపిస్తాయి. కలిసినట్లు కనిపిస్తే చాలు, ఇడా దాటిపోతుంది.

ఇందులోని కిటుకు ఇంజనీరింగు చదివినవారికి పరిచితమే. మన కంటికి దూరపు వస్తువు చిన్నదిగా, దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది. ఐసోమెట్రిక్ చిత్రణలో ఆ భేదం ఉండదు. దూరమైనా దగ్గరైనా కొలత ఒక్కటే. కనుక ఏది ముందుందో, ఏది వెనుకుందో చిత్రాన్ని బట్టి తేల్చలేము. డ్రాయింగు బల్ల మీద అది ఒక లోపం. ఈ ఆట ఆ లోపాన్నే వంతెనగా వాడుకున్నది.

రూపకర్త కెన్ వాంగ్ ప్రతి దృశ్యమూ గోడకు తగిలించదగిన చిత్రంలా ఉండాలని కోరుకున్నాడు. సుమారు ఎనిమిది మంది 55 వారాలు శ్రమించారు. ఫలితం పది అధ్యాయాలు, దాదాపు రెండు గంటల ఆట. అదే సంవత్సరం తరువాత మరికొన్ని అధ్యాయాలను విడిగా అమ్మితే, డబ్బు అడిగారన్న కోపంతో కొందరు కొనుగోలుదారులు ఒక్క నక్షత్రం ఇచ్చి నిందించారు. అదీ కొద్దిపాటి సొమ్ము కోసం!

ఈ ఆటకు ప్రేరణనిచ్చిన వారిలో ప్రధానుడు డచ్ చిత్రకారుడు ఎం.సి. ఎషర్. ఇక్కడ కథ మన వైపు మలుపు తిరుగుతుంది. ఎషర్ 1922లో స్పెయిన్‌లోని గ్రెనడా నగరానికి వెళ్లి, నస్రీ సుల్తానుల అల్ హంబ్రా కోటను చూశాడు. 1936లో భార్యతో మళ్లీ వెళ్లి, గోడల మీది పలకల నమూనాలను రోజుల తరబడి నకలు చేసుకున్నాడు. ఖాళీ లేకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా తలాన్నంతా నింపే ఆ ఆకారాలు అతని జీవితపు పనినే మార్చివేశాయి. ఆ ముస్లిం కళాకారులు జీవుల బొమ్మలు వేయకపోవడం అతనికి వెలితిగా తోచింది. అతడు పక్షులతో, చేపలతో, బల్లులతో నింపాడు. మనకు మాత్రం ఆ హద్దు వెలితిగా తోచదు; బొమ్మ లేని గోడను నింపవలసి రావడం వల్లనే ఆ పనివారి గణితం అంత లోతుకు వెళ్లింది.

అయితే ఒక విషయం వేరుచేసి చెప్పాలి, లేకుంటే అతిశయోక్తి అవుతుంది. ఎషర్ గీసిన అసాధ్య భవనాలు, అంటే ఎక్కుతూ పోయినా మొదటికే వచ్చే మెట్లు, పైకి పారే నీరు, అల్ హంబ్రా నుండి రాలేదు. 1958లో లయొనెల్, రోజర్ పెన్‌రోజ్ అనే తండ్రీకొడుకులు ప్రచురించిన వ్యాసం ఆధారంగా అతడు 1960, 1961లలో వాటిని గీశాడు. ఆట ఎక్కువగా అప్పు తెచ్చుకున్నది ఈ భవనాలనే.

లింగంపల్లిలో మాకు తెలిసిన ఒక ఇంట తండ్రి సాఫ్ట్‌వేర్ పరీక్షల ఉద్యోగి. పదకొండేళ్ల కొడుకు పక్కన కూర్చొని ఈ ఆటను నాలుగు సాయంత్రాలు చూశాడు. నాలుగవ నాడు అబ్బాయి ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "అయిపోయింది, అబ్బా. ఇంకేమీ లేదు" అన్నాడట. అడగకుండా ఫోను తిరిగి రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

పిల్లలకు ఇచ్చేముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి కూడా ఉన్నాయి. కథ కల్పితం, ఒక ఆత్మ మాట్లాడుతుంది, కాకుల రూపంలోని మనుషులు దారికి అడ్డు వస్తారు. ఇడా తన జాతి చేసిన దొంగతనానికి క్షమాపణ కోరుతూ తిరుగుతుంది. నేపథ్య సంగీతం ఉంది, కాని శబ్దం ఆపివేసినా ఆటకు ఆటంకం లేదు. ఇవి మీ ఇంటికి సమ్మతమా కాదా అన్నది పిల్లవాడి పక్కన కూర్చొని మీరే నిర్ణయించండి.

బొమ్మలు, కథ లేని ఆట కావాలనుకునే వారికి 'ఎంగారే' ఉంది. ఇరాన్‌కు చెందిన మహదీ బహ్రామీ దీనిని 2017లో కంప్యూటరు కోసం విడుదల చేశాడు. దొర్లుతున్న బంతి మీద ఒక చుక్క పెడితే అది గాలిలో ఏ గీత గీస్తుంది? పాఠశాలలో రేఖాగణిత ఉపాధ్యాయుడు అడిగిన ఆ ప్రశ్నే దానికి బీజం. ఆడేవారు కదిలే ఆకారం మీద సరైన బిందువును ఎన్నుకోవాలి. ఎన్నుకుంటే, గీత తిరిగి తిరిగి మసీదు పలకల మీది అల్లికగా విచ్చుకుంటుంది.

తెర అక్కరలేని దారి కూడా దగ్గరలోనే ఉంది. పాతబస్తీ వైపున సంతోష్‌నగర్‌లోని పాయెగా సమాధుల వద్ద సున్నపు గారతో చేసిన జాలీలు ఉన్నాయి. ఒక చతురస్రం గీసి, అదే కేంద్రం మీద మరొకదానిని 45 డిగ్రీలు తిప్పి గీస్తే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. కాగితం, స్కేలు, వృత్తలేఖిని పట్టుకొని వెళ్లిన పిల్లలు అక్కడి జాలీల ముందు కూర్చొని మొదట ఆ నక్షత్రంతోనే ప్రారంభించవచ్చు.