చిన్నయ్యగారుగా ఒక సంవత్సరం



2004 జూన్ నెలలో ఒక సాయంకాలం తెనాలి నుండి వచ్చిన బస్సు నన్ను అమృతలూరులో దించింది. చేతిలో రేకు పెట్టె, చంకలో చాప చుట్ట, భుజాన సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకము, ఆరాధన క్రమము. అప్పటికి నా వయస్సు ఇరవై మూడు. రాజమండ్రి లూథర్‌గిరిలో వేదాంత విద్య నేర్చుకుంటున్న నేను, సంఘ పరిచర్యలో తర్ఫీదు కొరకు ఒక సంవత్సరం ఈ ప్రాంతంలోని ఒక పల్లె సంఘానికి వచ్చాను. నన్ను తీసుకువెళ్లడానికి వచ్చిన సంఘ పెద్ద నా పెట్టెను తన సైకిలు క్యారియరుకు తాడుతో కట్టి, “రండి చిన్నయ్యగారూ, నడుద్దాం. ఎంతో దూరం లేదు” అన్నారు.

పాస్టరు గారు పెద్దయ్యగారు, సెమినరీ నుండి వచ్చిన విద్యార్థి చిన్నయ్యగారు. మా సంఘంలో అదీ వరుస. ఆ పిలుపు విన్నప్పుడు లోలోపల నాకు గర్వం కలిగిన మాట దాచను. ఆ గర్వం ఎన్నాళ్లు నిలిచిందో, దానిని ఎవరు తీసివేశారో చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇప్పుడు నేనే పెద్దయ్యగారిని. నా దగ్గరకు కూడా విద్యార్థులు వస్తుంటారు. వారెందుకు వస్తారో, వారికి మనమేమి చేయాలో మన సంఘాలలో చాలామందికి తెలియదు.

ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటి?

డాక్టరు చదువు చదివినవాడు పుస్తకాలు పూర్తిచేసి నేరుగా వైద్యం మొదలుపెట్టడు. పెద్ద డాక్టర్ల చేతి క్రింద ఒక సంవత్సరం హౌస్ సర్జన్‌గా పనిచేస్తాడు. వేదాంత విద్యార్థి ఇంటర్న్‌షిప్ కూడా అటువంటిదే. కొన్ని సెమినరీలవారు సెలవుల్లో కొన్ని వారాలు పంపుతారు, కొన్ని చోట్ల ఏడాది పొడుగునా ఉంచుతారు. అమెరికా లూథరను సెమినరీలలో నాలుగేండ్ల చదువులో సామాన్యంగా ఒక సంవత్సరం దీనికే కేటాయిస్తారు. జర్మనీలో విశ్వవిద్యాలయపు చదువు ముగిసిన తరువాత సుమారు రెండేండ్లు అభిషేకము లేని సహాయకులుగా సంఘాలలో ఉంటారు.

ఇందులో మన లూథరు గారే మనకు మాదిరి. ఆయన విటెన్‌బర్గులో గొప్ప పండితుడు. అయినా 1528, 1529 సంవత్సరాలలో సాక్సనీ పల్లె సంఘాల పరిశీలనకు వెళ్లినప్పుడు జనులకు విశ్వాస ప్రమాణము గాని, ప్రభువు ప్రార్థన గాని సరిగా రాకపోవడం, కొందరు గురువులకే బోధించడం చేతగాకపోవడం కళ్లారా చూశారు. ఆ బాధలోనుండి పుట్టినదే 1529లో వెలువడిన చిన్న ప్రశ్నోత్తరి. పల్లెకు వెళ్లి ఉండకపోతే, ఇంటి యజమాని తన పిల్లలకు చెప్పుకోదగినంత తేలికగా ఆ పుస్తకం వచ్చేదా?

మన దేశపు కథ కూడా ఒకటి ఉంది. 1842 జూలై 31న గుంటూరు చేరి మన సంఘానికి పునాది వేసిన హయ్యర్ గారు, డెబ్బయి అయిదేండ్లు దాటిన తరువాత కూడా రాజమండ్రి మిషను నిలబెట్టడానికి మరల ఓడ ఎక్కి వచ్చారు. తిరిగి వెళ్లి, ఫిలడెల్ఫియా లూథరను సెమినరీలో విద్యార్థుల నడుమ చాప్లెయినుగా ఉంటూ 1873లో ప్రభువునందు నిద్రించారు. ఊరూరా తిరిగి నేర్చుకొన్న పరిచర్యను చివరి దినాల్లో పడుచువారికి అప్పగించి వెళ్లారన్నమాట. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘము ఏర్పడిన నాటినుండి నేటి వరకు మన గురువుల తర్ఫీదు కూడా ఇలాగే చేతినుండి చేతికి అందుతూ వస్తున్నది.

వండితే చాలదు

నా బస దేవాలయాన్ని ఆనుకొని ఉన్న చిన్న గది. భోజనము వంతుల వారీగా సంఘస్థుల ఇండ్లలో. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం ఒక ఇల్లు. గోంగూర పచ్చడి, చేపల పులుసు, పప్పుచారు, ఎవరికి కలిగినది వారు పెట్టేవారు. ఒక ఇంట నాకు కోడికూర వడ్డించి, పిల్లలను వీధిలోకి పంపివేయడం చూశాను. తరువాత తెలిసింది, ఆ కోడి అప్పు తెచ్చినదని. ఆ మరునాటినుండి ఏ ఇంటికి వెళ్లినా ముందే చెప్పేవాణ్ణి: “అమ్మా, పిల్లలతో కలిసి తింటాను. వాళ్లకు ఏది పెడితే నాకూ అదే.” ఇది ఏ పాఠ్యపుస్తకంలోను లేదు.

మొదటి ప్రసంగము ఎన్నటికీ మరువను. ఊడ్పుల కాలం. వారమంతా నడుములు వంచి బురదలో నిలబడిన స్త్రీలు ఆదివారం తలస్నానం చేసి వచ్చి కూర్చున్నారు. నేను మూల భాషల మాటలు, పండితుల అభిప్రాయాలు, మూడు భాగాలు, ఆరు ఉపభాగాలతో యాభై నిమిషాలు చెప్పాను. సగంమంది కునుకు తీశారు. ఆరాధన అయిన తరువాత ముందు వరుసలో కూర్చొనే ఒక మామ్మ నా చేయి పట్టుకొని నెమ్మదిగా అంది:

“బాబూ, మంచి వంట వండావు. కాని మాకు వడ్డించకుండా వెళ్లిపోయావు.”

ఆ మామ్మకు చదువు రాదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిపూట దేవుని పని కొరకు ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి బల్ల దగ్గర పోసేది. కీర్తనలు ఎన్నో నోటికి వచ్చు. ఆమె మాటకు నాకు మొదట కోపం వచ్చింది. రాత్రి పడుకొన్నాక సిగ్గు వచ్చింది. అపొల్లో వాక్యమందు ప్రవీణుడైనా, అకుల ప్రిస్కిల్ల అతనిని తమ ఇంట చేర్చుకొని మార్గమును మరింత బాగుగా తెలియజెప్పారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుతాము. వారిద్దరు డేరాలు కుట్టుకొని బ్రతికేవారు. ఆ అధ్యాయం మీద నేను పరీక్ష వ్రాశాను గాని, అర్థమైనది ఆ రాత్రే.

తరువాత దర్శనాల వేళ మార్చుకున్నాను. పగలు వెళితే ఇంటికి తాళం. కోతలు, కుప్పనూర్పిళ్లు, ఆ తరువాత మినుము కోతలు. పొద్దున చద్ది కట్టుకొని వెళ్లినవారు పొద్దుగూకాక గాని రారు. అందుచేత దీపాలు పెట్టిన తరువాత వెళ్లి అరుగుల మీద కూర్చునేవాణ్ణి. మాట్లాడడం తగ్గించి వినడం నేర్చుకున్నాను. పక్కనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన దుర్మార్గానికి అప్పటికి పదమూడేండ్లు. అయినా ఆ ఊరి పేరు వస్తే అరుగుమీద మాట ఆగిపోయేది. అటువంటి చోట తొందరపడి ఆదరణ వచనం చదివేకంటె కాసేపు వారితో కలిసి ఊరకుండడమే మంచిదని పెద్దయ్యగారిని చూసి తెలుసుకున్నాను.

ఆ రాత్రి

అక్టోబరు నెల. రెండు రోజులుగా ముసురు. రాత్రి పది దాటిన తరువాత ఎవరో తలుపు కొట్టారు. మామ్మ కొడుకు. “అమ్మకు బాగా లేదు. ఆయాసం వస్తుంది. సంస్కారం కావాలంటుంది. త్వరగా రండి చిన్నయ్యగారూ!”

పరుగెత్తాను. నులకమంచం మీద మామ్మ గోడకు ఆనుకొని ఉంది. నన్ను చూసి కళ్లు వెలిగాయి. చేతులు రెండూ కలిపి దోసిలి పట్టింది, ప్రభువు బల్ల యొద్ద పట్టినట్లు. 

నాకు అభిషేకము లేదు. క్రమముగా పిలువబడనివాడు సంఘంలో బహిరంగంగా బోధింపకూడదని, సంస్కారాలు జరిగింపకూడదని 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము పదునాలుగవ అధికరణము నేర్పుతుంది. పసిబిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఏ క్రైస్తవుడైనా బాప్తిస్మమివ్వవచ్చును గాని, ప్రభువు భోజనము విషయంలో మనకు ఆ పద్ధతి లేదు. ఇదంతా నాకు కంఠస్థమే. “నేను ఇవ్వకూడదు మామ్మా. పెద్దయ్యగారిని తీసుకొస్తాను. ఇదిగో ఇప్పుడే” అని చెప్పి బయటపడ్డాను.

పెద్దయ్యగారి ఊరు ఏడు కిలోమీటర్లు. ఊళ్లో ఉన్న ఒక్క ఫోను గాలివానకు పనిచేయడం లేదు. సంఘ పెద్ద సైకిలు తీసుకొని కాలువకట్ట మీద బయలుదేరాను. నల్లరేగడి మట్టి చక్రాలకు చుట్టుకొని సైకిలు కదలదు. చివరకు దానిని భుజాన వేసుకొని నడిచాను. చేరేసరికి రాత్రి ఒంటిగంట. పెద్దయ్యగారికి కూడా ఒంట్లో నలతగా ఉంది. అయినా మారు మాట్లాడకుండా సంస్కారపు పెట్టె తీసుకొని, గొడుగు పట్టుకొని నాతో బయలుదేరారు.

మేము వీధి మొదట్లో ఉండగానే ఏడుపు వినబడింది.

మామ్మ కోడలు నాతో అన్న మాట ఇరవై ఏండ్లు దాటినా నా చెవిలో ఉంది. “మీరు వెళ్లాక రెండుసార్లు అడిగింది బాబూ, చిన్నయ్యగారు ప్రార్థన చేసి వెళ్లారా అని. కళ్లు మూసుకొని ఉంది గదా, చేశారులే అత్తా అని చెప్పాను. అబద్ధమాడాను. దేవుడు నన్ను క్షమిస్తాడా?”

క్షమాపణ అడగవలసినది ఆమె కాదు.

చేతిలో ఉన్నది

ఆ దినము పెద్దయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. భూస్థాపన అయిన మరునాడు పిలిచి దేవాలయపు మెట్ల మీద కూర్చోబెట్టుకున్నారు.

“బాబూ, నీవు సంస్కారం ఇవ్వకపోవడం తప్పు కాదు. నా కోసం పరుగెత్తడమూ తప్పు కాదు. కాని నీ దగ్గర లేనిదాని కోసం పరుగెత్తుతూ, ఉన్నదానిని ఇవ్వకుండా వెళ్లిపోయావు.”

అప్పుడాయన నాకు ఒక కథ చెప్పారు. ఓడలో ఇద్దరు ప్రయాణం చేస్తున్నారు. గురువు ఎవరూ లేరు. ప్రాణాపాయం. ఒకడు క్రైస్తవుడు, రెండవవాడు ఇంకా బాప్తిస్మము పొందనివాడు. మొదటివాడు రెండవవానికి బాప్తిస్మమిచ్చాడు. బాప్తిస్మము పొందిన ఆ మనిషే, ఇచ్చినవానికి పాపక్షమాపణ మాట చెప్పాడు. ఇది ఆగస్టీను భక్తుడు చెప్పిన సంగతి అని పేర్కొంటూ, 1537లో మెలాంక్తను గారు మన సంఘ విశ్వాస పత్రాలలో ఒకదానిలో వ్రాశారు. ఆపదలో ఉన్న సహోదరునికి క్షమాపణ వాక్యము చెప్పడానికి అభిషేకము అడ్డం కాదు. ఆ పుస్తకం నా పెట్టెలోనే ఉంది.

“అయిదు నిమిషాలు ఆమె చేయి పట్టుకొని కూర్చొని, యేసు నీ పాపములు క్షమించాడు మామ్మా అని చెప్పి, ఒక కీర్తన పాడి రావచ్చు. వాన ఎటూ కురుస్తూనే ఉంది గదా” అన్నారు.

ఆ తరువాత నేను మామ్మ కోడలి దగ్గరకు వెళ్లాను. తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆమెకు క్షమాపణ వాక్యము చెప్పాను. ఎవరికైనా నేను ఆ మాట ఒక్కరికే, ముఖాముఖిగా చెప్పడం అదే మొదటిసారి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని, “అన్నం తినండి చిన్నయ్యగారూ” అంది. ఆ రోజు వంతు వారిది కాదు. అయినా పిల్లలతో కలిసి కూర్చొని తిన్నాను.

సంఘాలకు ఒక మనవి

ప్రియులారా, మీ సంఘానికి ఒక విద్యార్థి వచ్చినప్పుడు అతడు అతిథి కాదు, ఉచితంగా దొరికిన ప్రసంగీకుడు అంతకంటె కాదు. అతడు మీ దగ్గర చదువుకోవడానికి వచ్చాడు.

అతనిని ఆదివారం మాత్రమే పిలవకండి. పొలం గట్టుకు, ఆసుపత్రికి, తగవు జరిగిన ఇంటికి తీసుకుని వెళ్లండి. అప్పుచేసి కూర వండకండి. మీరు తినేదే పెట్టండి. ప్రసంగము బోధపడకపోతే వెనుక నవ్వుకొనకుండా మామ్మవలె చేయి పట్టుకొని ముఖం మీద చెప్పండి. అభిషేకము లేని వానిని సంస్కారమిమ్మని ఒత్తిడి చేయకండి. కాని ప్రార్థన అడగండి, వాక్యము అడగండి. అడిగేవారుంటేనే ఇవ్వడం వస్తుంది.

విద్యార్థి సోదరులకును సోదరీలకును ఒక్క మాట. మీకు ఇంకా రానిది చాలా ఉంటుంది. దానిని చూసి కుంగిపోకండి. ఏ ఇంటి గడప దాటి బయటకు వచ్చే ముందైనా, నా చేతిలో ఉన్నది ఇచ్చానా అని ఒక్కసారి ఆగి చూసుకోండి.

అమృతలూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు మారాయి. ఆనాటి కాలువకట్ట మీద కొంతమేర సిమెంటు రోడ్డు పడింది. ప్రతి ఇంట ఫోను ఉంది. ఈ రోజైతే పెద్దయ్యగారు అరగంటలో మోటారు సైకిలు మీద రాగలరు. అయినా ఆ అరగంట ఉన్నది. నా దగ్గరకు వచ్చిన ప్రతి విద్యార్థికి మొదటి దినము ఈ సంగతి చెబుతాను: పెద్దయ్యగారికి ఫోను చేయి, కాని ఫోను చేసి బయట నిలబడకు. లోపలికి వెళ్లి మంచం ప్రక్కన కూర్చో.

మన సంఘాలను, వాటిలో తర్ఫీదు పొందుతున్న చిన్నయ్యగార్లను, చిన్నమ్మగార్లను ప్రభువు దీవించును గాక. ఆమేన్.