నికెల్ నీళ్లు మోరీల వోతే పైసలు మోరీల వోయినట్టే

ఊళ్లకెళ్లి బాలానగర్, జీడిమెట్ల దిక్కు పనికి వోయిన పోరగాండ్లు కొందరు ప్లేటింగ్ షెడ్లల్ల జేస్తుంటరు. నల్లాకు, బోల్టుకు, బండి పార్టులకు తళతళ వచ్చేది గసొంటి షెడ్లల్లనే.

నికెల్, క్రోమియం కలిపిన మందుతొట్టిల సామాను ముంచి, కరెంటు వెట్టి, తీసినంక కడుగుతరు. అసలు కత గీ కడుగుడు కాడనే ఉన్నది. సామానుకు అంటిన మందు కడిగిన నీళ్లల్ల కలుస్తది. శుద్ధి జెయ్యకుంట మోరీల ఇడిస్తే నాలాకు, ఆడికెళ్లి చెరువుకు, బోరుకు చేరుతది. హెక్సావాలెంట్ క్రోమియంతోని క్యాన్సర్ వస్తది. తాగే నీళ్లల్ల క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశపు ప్రమాణం. ఇగ తొట్టికాడ నిలవడి జేసెటోళ్లకు చేతుల మీద పుండ్లయితయి, ముక్కు లోపలి గోడకు రంధ్రం గుడ వడ్తది.

"శుద్ధి ప్లాంటు వెట్టినం గదా" అంటరు ఓనర్లు. మంచిదే. ఆడ మెటాబైసల్ఫైట్ ఏసి క్రోమియం విషం తగ్గిస్తరు, సున్నం ఏసి బురద లెక్క అడుగుకు దించుతరు. నీళ్లు తేటగైతయి గని లోహం యాడికి వోదు, బురదల కూసుంటది. 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్ లెక్కన ఆ బురదను పర్మిషన్ ఉన్న జాగకే పంపాలె. దానికి మల్ల ఖర్చు.

గందుకే ఇషాన్ని తొట్టి అంచుకాడనే ఆపాలె. సామాను లేపినంక పది పదిహేను సెకన్లు తొట్టి మీదనే ఉంచితే మందు కారి మల్ల తొట్టిలనే వడ్తది. గిన్నె లెక్క ఉన్న సామానును ఏటవాలుగ తగిలియ్యాలె, లేకుంటే మందు నింపుకొనొస్తది.

కడుగుడుల ఇంకో లెక్కున్నది. అంటుకొచ్చిన ఒక లీటరు మందును వెయ్యింతలు పల్చన జెయ్యాలంటే ఒక్క తొట్టిల 1000 లీటర్ల నీళ్లు వడ్తయి. రెండు తొట్లు వరుసగ వెట్టి, నీళ్లను సామానుకు ఎదురు దిక్కుల పారిస్తే 32 లీటర్లు సాలు. మూడైతే 10 లీటర్లే! నికెల్ తొట్టి ఏడిగ ఉంటది, నీళ్లు ఆవిరైతయి. మొదటి కడుగుడు తొట్టిని పారనియ్యకుంట ఆపితే, ఆ నీళ్లనే వడగట్టి మందుతొట్టిల తిరిగి పోసుకోవచ్చు. నికెల్ ధర ఎరుకైన ఓనర్‌కు ఇది లాభమే.

మరి ఎందుకు జెయ్యరు? పీసు లెక్కన కూలి ఇస్తే పది సెకన్లు ఎవడాగుతడు? ఆగినోనికి దినం కూలి తగ్గుతది. తొట్టి మీద అడ్డంగ ఒక పైపు వెట్టిస్తే సామాను దానికి తగిలిచ్చి, కారేలోపట ఇంకో పని చూసుకోవచ్చు. ఆ పైపు ఓనరే వెట్టియ్యాలె, కూలి నెల లెక్కన ఇయ్యాలె.