నౌకాధికారి భుజాన బంగారు కుచ్చులు ఎందుకు?

లండన్‌లోని గ్రీనిచ్ జాతీయ సముద్రయాన మ్యూజియంలో ఉన్న ముదురు నీలం కోటు, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని హొరేషియో నెల్సన్‌కు తూటా తగిలినప్పుడు ఆయన ఒంటిమీద ఉన్నదే. సముద్రానికి దూరమైన నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు ఆ కోటు కొత్తదైనా, అందులోని పనితనం పరిచితమే. పెళ్లి పట్టుచీరల జరీకి వాడినట్లే, ఆనాటి భుజకీర్తులకూ, అంటే భుజాలపై అమర్చే కుచ్చుల పట్టీలకూ, బంగారు పూత పూసిన సన్నని వెండి తీగను వాడేవారు. అధికారి హోదా చూడగానే తెలియాలని బ్రిటిష్ నౌకాదళం 1795లో వీటిని ప్రవేశపెట్టింది. అడ్మిరల్ శ్రేణిలో ఒక నక్షత్రం రియర్ అడ్మిరల్‌కు, రెండు నెల్సన్ వంటి వైస్ అడ్మిరల్‌కు, మూడు పూర్తిస్థాయి అడ్మిరల్‌కు గుర్తు. ఆ కోటు ఎడమ రొమ్ముపై నాలుగు గౌరవ చిహ్నాలు కుట్టి ఉన్నాయి. ఎడమ భుజం దగ్గర తూటా చేసిన చిల్లు నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తూటా భుజకీర్తిని చీల్చుకుంటూ దిగినందువల్ల, వైద్యుడు దానిని వెలికితీసినప్పుడు బంగారు తీగల తునకలు దానికి అతుక్కునే ఉన్నాయి.