చలిరాత్రి ఉయ్యాల పడకకు ఇంట్లో కుట్టుకునే తొడుగు

రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే ఉయ్యాల పడక, అంటే హ్యామక్, వేడి ప్రాంతాల్లో పుట్టిన వస్తువు. కరీబియన్ దీవుల్లోని టైనో ప్రజల ‘హమాకా’ అనే మాటే స్పానిష్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లి హ్యామక్ అయింది. 1492లో అక్కడికి చేరిన కొలంబస్ బృందం స్థానికులు వీటిలో నిద్రించడం చూసింది. నేలమీది తేమకూ పురుగూ పుట్రకూ దూరంగా, కింది నుంచి కూడా గాలి తగిలేలా పడుకోవడమే దీని సౌఖ్యం. పసిపిల్లలకు మన ఇళ్లలో చీరతో కట్టే ఉయ్యాలలో వేసవిలో ఉండే హాయి కూడా ఇదే. చలికాలం రాగానే ఆ హాయే ఇబ్బందిగా మారుతుంది.

ఇటీవలి ఏళ్లలో లంబసింగి, అరకు కొండలకు శీతాకాలపు క్యాంపింగ్ కోసం వెళ్లేవారు పెరిగారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు, కొన్ని రోజుల్లో అంతకంటే దిగువకు పడిపోతుంది. అలాంటి రాత్రి ఉయ్యాల పడకలో మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కప్పుకున్నా వీపు గడ్డకట్టినట్టు అనిపిస్తుంది. కారణం తేలికే. వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, ఆ దూది పట్టి ఉంచే గాలి. ఒంటి బరువుకు కిందివైపు దూది నలిగిపోతుంది, అందులోని గాలి బయటకు పోతుంది. మిగిలేది పలుచని గుడ్డ, దాని కింద వీస్తున్న చలిగాలి. అందుకే అనుభవజ్ఞులు ఒక బొంతను ఉయ్యాల లోపల కాకుండా దాని అడుగున, బరువు పడకుండా వేలాడదీస్తారు.

నిద్రలో ఉన్న పెద్దవారి శరీరం సుమారు 70 నుంచి 80 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. ఈ వేడితో శరీరం చుట్టూ పలుచని వెచ్చని గాలి పొర ఏర్పడుతుంది. గాలి వీచిన ప్రతిసారీ అది చెదిరిపోతుంది, శరీరం మళ్లీ మొదటి నుంచీ వేడి చేసుకోవాలి. 2001లో కెనడా, అమెరికా వాతావరణ సంస్థలు అమలుచేసిన సూత్రంతో లెక్కిస్తే, 5 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఆచ్ఛాదన లేని ముఖానికి అది దాదాపు 1 డిగ్రీ చలిలా తోస్తుంది. ఉయ్యాలను, అందులో మనిషిని, అడుగున బొంతను కలిపి చుట్టేసే పొడవాటి సంచి లాంటి తొడుగు చేసే పని ఈ గాలిని ఆపడమే. తొడుగు గుడ్డకు స్వయంగా వెచ్చదనం దాదాపు లేదు. దాని వల్ల లోపల పెరిగేది కొద్ది డిగ్రీలే. కానీ ఆ కొద్ది డిగ్రీలే నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా అవుతాయి.

గాలిని ఆపాలంటే ప్లాస్టిక్ పట్టా చుట్టేస్తే సరిపోదా? చాలామందికి మొదట తట్టేది అదే. అసలు చిక్కు కూడా అక్కడే.

మనిషి వదిలే ఊపిరి సుమారు 34 డిగ్రీల వెచ్చదనంతో, నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలో ఒక ఘనమీటరు గాలి దాదాపు 37 గ్రాముల ఆవిరిని మోయగలదు. 5 డిగ్రీల దగ్గర మోయగలిగేది 7 గ్రాముల లోపే. నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున ఎనిమిది గంటలు ఊపిరి పీల్చి వదిలితే దాదాపు మూడు ఘనమీటర్ల గాలి. లెక్క వేస్తే ఒక్క ఊపిరి ద్వారానే రాత్రికి దాదాపు 90 గ్రాముల నీరు, అంటే ఒక టీ గ్లాసుడు, బయటకు వస్తుంది. చర్మం నుంచి వచ్చే తేమ దీనికి అదనం. ఆవిరిని పోనివ్వని ప్లాస్టిక్ లోపల ఈ నీరంతా చల్లని గోడల మీద బిందువులుగా పేరుకుని, బొట్లుబొట్లుగా దుప్పటి మీద పడుతుంది. నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు 24 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. గాలి ఉండాల్సిన చోట నీరు చేరిన దుప్పటి చలిని ఆపలేదు. వాన చుక్క పడకుండానే తెల్లారేసరికి మనిషి తడిసి వణుకుతుంటాడు. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. అది ప్రాణాంతకం కావచ్చు.

కాబట్టి తొడుగుకు కావలసింది గాలి వేగాన్ని ఆపి, ఆవిరిని పోనిచ్చే గుడ్డ. పూత వేయని, దగ్గర నేతతో ఉన్న పలుచని నైలాన్ లేదా పాలిస్టర్ ఇందుకు సరిపోతుంది. వానకోట్ల గుడ్డ పనికిరాదు. కొనేముందు చిన్న పరీక్ష చేయవచ్చు. స్టీలు గ్లాసులో సగం వరకు వేడినీళ్లు పోసి, గుడ్డముక్కను మూతిమీద బిగించి కట్టి, పైన చల్లని అద్దం పట్టుకోవాలి. అద్దం త్వరగా మసకబారితే ఆవిరి దాటుతోందని అర్థం. మసకబారకపోతే ఆ గుడ్డను అక్కడే వదిలేయడం మంచిది.

కుట్టుపని దిండుగలీబు కుట్టగలిగిన ఎవరికైనా వస్తుంది. 3.3 మీటర్ల పొడవున్న ఉయ్యాలను తగినంత వదులుగా, సుమారు 30 డిగ్రీల వాలుతో కడితే రెండు కొసల మధ్య దూరం దాదాపు 2.75 మీటర్లు ఉంటుంది. రెండు వైపులా 30 సెంటీమీటర్ల చొప్పున కలుపుకుంటే తొడుగు పొడవు 3.35 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల పన్నా గుడ్డ 7 మీటర్లు తీసుకుని రెండు ముక్కలు చేసి, పొడవు అంచులు కలిపి గొట్టంలా కుట్టాలి. చుట్టుకొలత దాదాపు 3 మీటర్లు వస్తుంది. ఒక అంచు కుట్టులో పరుపు గలీబులకు మీటర్ల లెక్కన అమ్మే జిప్పును రెండు మీటర్ల మేర వేయించాలి. అది లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి. ఈ విషయంలో రాజీ పనికిరాదు. రెండు కొసల్లో బొందు దూర్చేలా మడిచి కుడితే అక్కడ బిగించి కట్టుకోవచ్చు. చదరపు మీటరుకు 40 గ్రాములుండే గుడ్డయితే మొత్తం బరువు అరకిలో లోపే.

ముఖం వచ్చే చోట పుస్తకం కంటే కాస్త పెద్ద కిటికీ కోసి దోమతెర గుడ్డ అతకాలి. దానిమీద తెరిచి మూయగలిగే రెప్ప ఉంచాలి. చలికి భయపడి ఈ రెప్పను పూర్తిగా మూసేయడమే తరచుగా జరిగే పొరపాటు. పాదాల వైపు బొందును కూడా కొంచెం వదులుగా ఉంచితే, తేమగాలి పైనుంచి పోయి పొడిగాలి కింది నుంచి వస్తుంది. తొడుగు మొహానికి తగలకుండా ఉయ్యాల కొస నుంచి కొసకు పైన ఒక సన్నని తాడు కట్టాలి. వానకూ మంచుకూ వేరే పట్టా మీద పందిరిలా ఉండాల్సిందే. ఆ పందిరికి మరో ఉపయోగం ఉంది. నిర్మలమైన రాత్రి గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది, దాంతో తేమ మరింత పేరుకుంటుంది. చెట్టు నీడన గడ్డి మీద మంచు తక్కువగా కురిసేది ఇందువల్లే.

చిత్రమేమిటంటే, మైనస్ 10 డిగ్రీల పొడి చలికంటే మన కొండల్లోని 5 డిగ్రీల తేమ చలిని సంభాళించడం కష్టం. గడ్డకట్టే చలిలో తేమ నూగులా అంటుకుంటుంది, దులిపితే రాలిపోతుంది. లంబసింగి పొగమంచులో బయటి గాలే ఆవిరితో నిండి ఉంటుంది కాబట్టి ఎంత కిటికీ తెరిచినా కొంత తడి తప్పదు. చేతికందేలా ఒక తువ్వాలు ఉంచుకోవడమే మార్గం. బరువైన చలిగాలి వాలు వెంట నీళ్లలా జారి లోయలో నిలుస్తుంది కనుక, లోయ అడుగున కాకుండా కొంచెం ఎగువన కట్టుకోవడం మేలు. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, వాటికి పట్టీలు బిగిస్తే రైతుకు నష్టం.

తొడుగు లోపల గానీ ఆనుకుని గానీ కుంపటి, స్టవ్, కొవ్వొత్తి ఏదీ ఉండకూడదు. నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవారిని లేపదు.

మొదటి రాత్రి ఇంటి పెరట్లో గడపడం మంచిది. పడుకునే ముందు, లేచిన వెంటనే తొడుగునూ దుప్పటినీ వంటింటి త్రాసులో విడివిడిగా తూచాలి. తొడుగు బరువు పెరిగితే పరవాలేదు, ఎండలో తిరగేసి ఆరబెడితే పోతుంది. దుప్పటి బరువు పెరిగితే మర్నాటి రాత్రి ముఖం దగ్గరి రెప్పను ఇంకో అరచేయి వెడల్పు తెరిచి మళ్లీ తూచాలి.