మీకు తెలుసా? పరిగె కూడా ఒక హక్కే

బాన్సువాడ పక్క వరి కోశాక రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటాం. యూదుల ధర్మశాస్త్రంలో అది పేదల హక్కు! చేను మూల కోయకుండా వాళ్లకు వదిలెయ్యాలి, కనీసం 60వ వంతు. జారిపడిన వెన్నును రైతు మళ్లీ ముట్టుకోకూడదు. అదే ధర్మం ప్రకారం ఇజ్రాయెల్‌లో ప్రతి ఏడో ఏడు నేలకే విశ్రాంతి. దాన్ని ‘ష్మిటా’ అంటారు. 2021-22లో వచ్చింది, మళ్లీ 2028-29లో.

యూదు ధర్మం పాటించే తెలుగువాళ్లూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సమాజం 1991లో ప్రార్థనా మందిరం తెరిచింది. వారిలో చాలామంది కూలీలే, అంటే పరిగె విలువ తెలిసినవాళ్లు.

నిజాంసాగర్ నీళ్లతో రెండు పంటలు తీసే రైతన్నా, యాసంగి కోతకూ వానాకాలం నాటుకూ నడుమ జీలుగు చల్లి కలియదున్ను. ఏడాదంతా కాకపోయినా నేలను కాస్త ఊపిరి తీసుకోనివ్వు.