మారకపు రేటుకు కంచె

కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం లుంగీల నేతకు, అగ్గిపెట్టెల తయారీకి పేరుపొందిన పట్టణం. దానికి చేరువలోనే పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి ఉన్నాయి. వేలూరు దాటి తూర్పుగా వెళితే మేల్విషారం, రాణిపేట వస్తాయి. ఇవన్నీ తోళ్ళ పరిశ్రమకు నిలయాలు. ఇక్కడ పచ్చితోళ్ళను పదును చేస్తారు. ఆ తోలుతో బూట్లు, చెప్పులు, సంచులు కుడతారు. ఈ పనిలో వేలాది స్త్రీలు జీవనం సాగిస్తున్నారు. తయారైన సరుకులో చాలాభాగం జర్మనీ, ఇటలీ, ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలకు ఎగుమతి అవుతుంది.

సరుకు కొన్న విదేశీయులు డబ్బును డాలర్లలోనో, యూరోలలోనో చెల్లిస్తారు. కాని ఇక్కడ కూలీలకు ఇచ్చేది రూపాయలు. కరెంటు బిల్లు కట్టేదీ, దారం కొనేదీ రూపాయలతోనే. అందువల్ల వచ్చిన డాలర్లను బ్యాంకులో ఇచ్చి రూపాయలుగా మార్చుకోవాలి. ఒక డాలరుకు ఎన్ని రూపాయలు వస్తాయో తెలిపేదే మారకపు రేటు. ఇది ఒకచోట నిలిచి ఉండేది కాదు.

పూర్వం ఈ రేటును ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు నిర్ణయించేవి. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించినప్పుడు డాలరు ధర 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు పెరిగింది. 1991 జూలైలో మరోసారి విలువ తగ్గించారు. 1993 మార్చి నుండి మారకపు రేటు బజారులోని గిరాకీని బట్టి మారడం మొదలైంది. డాలర్లు అమ్మేవారు ఎక్కువైతే వాటి ధర తగ్గుతుంది. కొనేవారు ఎక్కువైతే పెరుగుతుంది. 2007 చివరలో డాలరు సుమారు 39 రూపాయలు ఉండేది. 2008 చివరికి అది 50 రూపాయలకు చేరింది. 2013 ఆగస్టులో 68 రూపాయలు దాటింది.

ఈ హెచ్చుతగ్గుల వల్ల కలిగే చిక్కును ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. ఆంబూరులో బూట్లు తయారుచేసే ఒక సంస్థ ఉన్నదనుకుందాం. దానికి లక్ష డాలర్ల ఆర్డరు వచ్చింది. డబ్బు చేతికందేది మూడు నెలల తరువాత. ఆర్డరు వచ్చిన నాడు డాలరు 80 రూపాయలు. అంటే రాబడి 80 లక్షలు. ఖర్చు 77 లక్షలు. మిగిలేది 3 లక్షలు. కాని మూడు నెలలకు డాలరు 76 రూపాయలకు పడిపోతే, వచ్చేది 76 లక్షలే. లాభం పోయి లక్ష రూపాయల నష్టం మిగులుతుంది. బూట్లలో లోపం లేదు. కూలీల కష్టంలో లోటు లేదు. కొన్నవాడు మాట తప్పలేదు. అయినా సంస్థ నష్టపోయింది. ఇలాంటి నష్టం రెండుమూడుసార్లు కలిగితే కొత్త ఆర్డర్లు తీసుకోవడానికి యజమాని వెనుకాడతాడు. అప్పుడు కుట్టుపని చేసేవారికి పనిదినాలు తగ్గుతాయి.

ఈ ప్రమాదం నుండి కాపాడుకొనే పద్ధతిని ఇంగ్లీషులో హెడ్జింగ్ అంటారు. హెడ్జ్ అంటే కంచె. రైతు చేను చుట్టూ కంచె వేసేది పంట పెరగడానికి కాదు, ఉన్న పంట పశువుల పాలు కాకుండా ఉండడానికి. హెడ్జింగ్ కూడా అటువంటిదే. ఇందుకు ఉపయోగపడే ఒప్పందాలను డెరివేటివ్‌లు అంటారు. డెరివేటివ్ అంటే మరొకదాని నుండి పుట్టినది అని అర్థం. పాల ధర మారితే పెరుగు ధర మారుతుంది. అలాగే ఈ ఒప్పందాల విలువ డాలరు ధరను అనుసరించి మారుతుంది.

వీటిలో సులభమైనది ఫార్వర్డ్ ఒప్పందం. పంట ఇంటికి రాకముందే బస్తాకు ఇంత అని రైతు, వ్యాపారి ధర ఖాయం చేసుకోవడం పల్లెల్లో ఉన్నదే. ఫార్వర్డ్ ఒప్పందంలో సంస్థ తనకు రాబోయే లక్ష డాలర్లను మూడు నెలల తరువాత ఇస్తానని బ్యాంకుతో ముందే ఒప్పుకుంటుంది. డాలరుకు 80 రూపాయల 60 పైసలు ఇస్తానని బ్యాంకు ఒప్పుకుంటుంది. ఆ అదనపు 60 పైసలు బ్యాంకు దయ కాదు. మన దేశంలో వడ్డీ రేటు సాధారణంగా అమెరికాలో కంటే ఎక్కువ. ఆ తేడాయే ముందు రోజుల ధరలో కనిపిస్తుంది. ఇక డాలరు 76కు పడినా, 84కు పెరిగినా సంస్థకు వచ్చేది 80 లక్షల 60 వేలే. పెరిగినప్పుడు వచ్చే లాభం వదులుకోవలసిందే. దానికి బదులుగా నిశ్చింత దొరుకుతుంది. అయితే కొనుగోలుదారు ఆర్డరు రద్దు చేసినా బ్యాంకుకు ఇచ్చిన మాట అలాగే ఉంటుంది. ఒప్పందం రద్దు చేసుకోవాలంటే, అప్పటికి డాలరు పెరిగి ఉన్నట్లయితే, ఆ తేడాను సంస్థ చెల్లించాలి.

రెండవది ఫ్యూచర్స్ ఒప్పందం. ఇది స్టాకు ఎక్స్ఛేంజిలో జరుగుతుంది. మన దేశంలో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజిలో మొదలయ్యాయి. ఒక్కొక్క ఒప్పందం వెయ్యి డాలర్లకు ఉంటుంది. అందువల్ల చిన్న సంస్థలకూ ఇది అందుబాటులో ఉంటుంది. కాని ముందుగా కొంత డబ్బు పూచీగా కట్టాలి. ధర మారినకొద్దీ లాభనష్టాలను ఏ రోజుకారోజు లెక్క చూస్తారు.

మూడవది ఆప్షన్. రూపాయికి సంబంధించిన ఆప్షన్లను 2003లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. ఇందులో సంస్థ ముందుగా కొంత రుసుము చెల్లించి, డాలరును 80 రూపాయలకు అమ్ముకొనే హక్కు కొనుక్కుంటుంది. అది హక్కేగాని బాధ్యత కాదు. డాలరుకు ఒక రూపాయి చొప్పున లక్ష రూపాయల రుసుము కట్టిందనుకుంటే, డాలరు 76కు పడినా 79 లక్షలు మిగులుతాయి. 84కు పెరిగితే ఆ హక్కును వాడకుండా బజారు ధరకే అమ్ముకోవచ్చు. అప్పుడు 83 లక్షలు మిగులుతాయి. కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదు.

ఏ ఒప్పందమూ లేకుండా కొంత రక్షణ పొందే మార్గం కూడా ఉంది. కొన్ని తోళ్ళశాలలు రసాయనాలు, పచ్చితోళ్ళు విదేశాల నుండి తెప్పించుకుంటాయి. వచ్చిన డాలర్లతోనే వాటి బాకీ తీరిస్తే, అంతమేరకు మారకపు రేటు భయం ఉండదు.

కంచె ఎంత అవసరమో, దాని హద్దు తెలుసుకోవడం అంత అవసరం. 2007లో రూపాయి బలపడి డాలరు ధర తగ్గినప్పుడు ఎగుమతిదారులు కలవరపడ్డారు. ఆ రోజుల్లో తిరుప్పూరు, కోయంబత్తూరు ప్రాంతాల్లోని కొన్ని సంస్థలు బ్యాంకులతో చిక్కైన ఒప్పందాలు చేసుకున్నాయి. వాటిలో కొన్ని స్విట్జర్లాండు నాణెమైన ఫ్రాంకు ధరతో ముడిపడినవి. ముందుగా రుసుము కట్టనక్కర లేకపోవడం వాటి ఆకర్షణ. కాని ఆ సంస్థల్లో చాలావాటికి రావలసిన డబ్బు డాలర్లలో ఉంది, ఫ్రాంకులలో కాదు. అంటే అది ఉన్న చేనుకు కంచె కాదు, లేని చేను మీద పందెం. 2008 మార్చిలో ఫ్రాంకు విలువ డాలరును మించిపోయింది. ఒప్పందాలు చేసుకున్నవారి మీద పెద్ద భారం పడింది. తగాదాలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాయి. డెరివేటివ్‌ల విషయంలో నియమాలు పాటించనందుకు 2011 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు 19 బ్యాంకులకు జరిమానా విధించింది.

ఒప్పందం వెనుక నిజమైన రాబడిగాని, చెల్లింపుగాని ఉండాలి. దానికి మించి ఒప్పందం చేసుకోకూడదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఈ మూడూ పాటించిన సంస్థకు డెరివేటివ్ రక్షణ ఇస్తుంది. పాటించని సంస్థను అదే ముంచుతుంది. మంచి బూటు కుట్టడం ఎంత నేర్పో, దాని ధరను చేతికందేదాకా కాపాడుకోవడం అంత నేర్పు. ఆ నేర్పు మీదనే యజమాని లాభమూ, కుట్టేవారి కూలీ ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్నలు

1. బూట్లలో లోపం లేకపోయినా సంస్థ ఎందుకు నష్టపోయింది? లెక్క వేసి చూపండి.
2. ఫార్వర్డ్ ఒప్పందానికీ, ఆప్షన్‌కూ గల భేదం ఏమిటి?
3. "ఉన్న చేనుకు కంచె, లేని చేను మీద పందెం" – ఈ మాటల అంతరార్థాన్ని వివరించండి.